పాత జత, కొత్త జత

రా, ఇలా దగ్గరికి జరుగు. కుర్చీ ఈడవకు, ఎత్తి పెట్టు. చెప్పబోయేదంతా ఒక్క గంటసేపటి సంగతి. అందులో అరుపులూ పరుగులూ ఏమీ లేవు, ఒక మనిషి కూర్చుని తెరవైపు చూడటమే ఉంది, కాబట్టి చెవి కాస్త పక్కకి తిప్పావంటే జారిపోతుంది. మేడ మీద ఒక గది అనుకో. గదిలో బల్ల, బల్ల కింద కంప్యూటరు, ఆ కంప్యూటరుకి ఒక పక్క రేకు ఊడదీసి గోడకి ఆనించి ఉంది. బల్ల ముందు కూర్చున్న ఆవిడని ఆ వీధిలో అందరూ దవడలమ్మ అంటారు. నవ్వకు, పని అలాంటిది. ఎవరికైనా దవడలో గడ్డ పెరిగితే ఆసుపత్రివాళ్ళు ఆ మనిషి తలని ఫొటోలు తీస్తారు, ఒకటీ రెండూ కాదు, రొట్టె ముక్కలు కోసినట్టు వందల పొరలు. ఆ పొరలన్నీ ఈవిడ దగ్గరికి వస్తాయి. ఈవిడ వాటిని కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పేర్చి ఎముకని మళ్ళీ నిలబెడుతుంది, ఆ ఎముక మీద సరిగ్గా కూర్చునే ప్లాస్టిక్ అచ్చు ఒకటి చేస్తుంది. అచ్చులో సన్నని గాడి ఉంటుంది. సర్జను ఆ గాడిలో రంపం పెట్టి కోస్తాడు. గాడి ఎటుంటే కోత అటు. రంపానికి కళ్ళుండవు.

ఆ ఉదయం తొమ్మిదింబావు అయింది. పదకొండింటికి ఊరికి అటు చివర ఆసుపత్రిలో ఒక బస్సు కండక్టరమ్మకి దవడ ఆపరేషను. అచ్చు ముందురోజు సాయంత్రమే వెళ్ళిపోయింది. అంతా సవ్యంగానే ఉంది, ఒక్కటి తప్ప. ఎనిమిదిన్నరకి దవడలమ్మ కంప్యూటరు తెరిచి ఏదో ఉత్తరం చదువుతుంటే, తెర మొత్తం నీలంగా మారి, రెండు వరసల తెల్లటి అక్షరాలు చూపించి, ఆరిపోయి, మళ్ళీ తనంతట తనే లేచింది, నిద్రలో ఉలిక్కిపడి అటు తిరిగి పడుకున్న మనిషిలా. అచ్చు లెక్క కట్టింది ఆ కంప్యూటరే. లెక్క కట్టడానికి ముందు, నిన్న మధ్యాహ్నం, అందులో అంకెలు దాచుకునే పాత రెండు ర్యామ్ ముక్కల పక్కన కొత్తవి రెండు ఆమె తన చేత్తోనే దిగ్గొట్టింది. ఇప్పుడు తెర మీద నడుస్తున్నది పరీక్ష. ర్యామ్‌లో ఉన్న కోట్లాది గదుల్లో ఒక్కోదానికీ ఒక అంకె ఇచ్చి దాచమంటుంది, కాసేపాగి ఆ అంకె తిరిగి అడుగుతుంది. ఇచ్చింది ఇచ్చినట్టు వస్తే సరే. రాకపోతే ఎర్ర గీత. కింద మూలన, తప్పులు సున్నా, అని ఉంది. పది ఇరవైకి పరీక్ష అయిపోతుంది. అప్పటికీ సున్నా సున్నాగానే ఉంటే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదని, అది కదిలితే ఫోను చేసి ఆపమని చెప్పాలని, దవడలమ్మ తనకి తనే గడువు పెట్టుకుంది.

నాలుగు శాతం. సున్నా. ఇంత చిన్న అంకె ఇంత గుండ్రంగా ఉండటం ఆమె ఎప్పుడూ చూడలేదు. నీలం తెర ఎవరికి రాదు, అందరికీ వస్తుంది, పక్కింటి పిల్లలు ఆటలాడుకునే దానికి రోజూ వస్తుంది, వాళ్ళేమైనా ఫోనులు చేస్తున్నారా, కానీ వాళ్ళ కంప్యూటరులోంచి ఒక మనిషి పెదవి బయటికి రాదు కదా. దవడ ఎముక లోపల కాలవలా సన్నని నరం ఒకటి పోతుంది. అది తెగితే కింది పెదవి ఉన్నట్టే ఉంటుంది, ఉండదు. నీళ్ళు తాగితే గడ్డం మీద కారుతున్నా తెలియదు. గాడికీ ఆ నరానికీ మధ్య ఆమె వదిలింది ఒక బియ్యపు గింజ మందం. అంతకన్నా వదిలితే గడ్డ మిగిలిపోతుంది. బియ్యపు గింజ. అది ఎన్ని అంకెల మీద నిలబడి ఉందో, ఆ అంకెల్లో ఏ ఒక్కదాన్ని నిన్న మధ్యాహ్నం దాచమంటే దాచకుండా ఇంకోటి తిరిగిచ్చిందో, లేదో, ఇవ్వలేదేమో, ఇచ్చి ఉంటే తెలిసేది కాదా, ఎలా తెలుస్తుంది, తప్పు అంకె కూడా అంకెలాగే ఉంటుంది, దానికి కొమ్ములుండవు. ఇప్పుడే ఫోను చేస్తే? చేసి ఏం చెప్పాలి, నా కంప్యూటరు ఒకసారి కళ్ళు తిరిగి పడిపోయిందండీ అనా? సర్జనుగారు కిందటిసారే అన్నాడు, నువ్వు చేతులు కడుక్కునేసరికి మాకు ఆపరేషను థియేటరు పోతుందమ్మా, అని. అప్పుడు ఆమె గాడి ఇంకొకసారి చూసుకుంటానని ఒక్క పూట అడిగింది, అంతే. ఈరోజు తప్పితే మళ్ళీ ఎప్పటికి దొరుకుతుందో. కండక్టరమ్మకి ఇప్పటికే ఏడు వారాలైంది. గడ్డ పంచాంగం చూసుకుని ఆగుతుందా. చెప్తే ఒక కీడు, చెప్పకపోతే ఒక కీడు, ముందు నుయ్యి వెనక గొయ్యి అని ఊరికే అంటాం గానీ, నుయ్యి గొయ్యి రెండూ మనవి కాక ఇంకొకరివైతే అప్పుడు తెలుస్తుంది.

పదకొండు శాతం. బల్ల కింద పంకాలు ఒకే శ్రుతిలో మోగుతున్నాయి. ఆ శ్రుతి తమ్ముడు పెట్టింది. వాణ్ణి వీధిలో గేరు అంటారు, నడిచినా తిన్నా మాట్లాడినా టాప్ గేరే. ఈ కంప్యూటరుని చేసినవాళ్ళు ఇంత వేగం చాలన్నారు, వాడు చాలదన్నాడు. కంపెనీ చెప్పిన దానికన్నా ఎక్కువ పరిగెత్తించడాన్ని ఓవర్‌క్లాక్ అంటారక్కా, అని చెప్పి, ఆరు నెలలు దానికి ఎదురుగా కూర్చున్నాడు. కాస్త వేగం పెంచడం, రోజంతా పరీక్ష పెట్టడం, పడిపోతే ఒక మెట్టు దిగడం, నిలబడితే అరమెట్టు ఎక్కడం. ఆ అంకెలన్నీ ఒక అట్టముక్క మీద రాసి రేకు లోపలివైపు అంటించాడు. ఆ పాత ర్యామ్ జత కోసం నెలరోజులు తిరిగాడు. ఏ దుకాణంలోదీ నచ్చలేదు, చివరికి ఒకే పెట్టెలో పుట్టిన రెండు తెచ్చి, చూశావా, కవలపిల్లలు, ఒకటి అంటే రెండోది అందుకుంటుంది, అని మురిసిపోయాడు. రోజంతా పట్టే ఎముక మూడు గంటల్లో లేచి నిలబడేది. మరి ఈ కండక్టరమ్మ ఫొటోలు కొత్త యంత్రం మీద తీశారు, పొరలు మరీ సన్నం, మరీ ఎక్కువ, కంప్యూటరు సగంలో చోటు లేదని చేతులెత్తేసింది. ర్యామ్ పెట్టే నాలుగు సందుల్లో రెండు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ ఉంటే నింపమనే కదా. ఆమె కొత్త జత తెచ్చింది, పెద్దవి, నల్లటివి, వేరే కంపెనీవి. బల్ల మీద పెట్టగానే వాడు వాటి వెనక చీటీ చదివి మొహం ముడిచాడు. ఇవి నిదానంగా పలికే రకమక్కా, వాటి కరెంటు వేరు, వాటి నడక వేరు. పాతవి తీసేసి ఇవి ఒక్కటే పెట్టుకో. కాదూ నాలుగూ కావాలంటే వేగం దించెయ్. నిదానస్తుడి వేగానికి అందరూ దిగాలి, లేకపోతే పని లేదు.

తీసెయ్యడమేమిట్రా, బంగారంలాంటివి, అంది ఆమె. పారెయ్యమని కాదే బాబూ, అన్నాడు వాడు. పారెయ్యి అనే మాట ఎవరి నోట వచ్చినా ఆ ఇంట్లో బూతుకింద లెక్క. అక్కడినుంచి మాట మీద మాట పెరిగింది. పాతవాళ్ళు వద్దు, పాత వస్తువులు వద్దు, నీకన్నీ కొత్తవే కావాలి, అని ఆమె అంది, ఎందుకందో ఆమెకే తెలియదు. నీకు చెప్పడం కన్నా గోడకి చెప్పుకోవడం నయం, అని వాడు తలుపు విసిరికొట్టి పోయాడు. అది మూడు రోజుల కిందటి మాట. మూడు రోజులుగా ఉప్పు డబ్బా కావాలన్నా గాలితో మాట్లాడుతున్నారు. ‘ఉప్పు ఎక్కడుందో ఎవరికైనా తెలుసా.’ ‘ఉన్నచోటే ఉంది.’ నిన్న వాడు లేనప్పుడు ఆమె రేకు ఊడదీసింది. కొత్తవి సందులో పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కితే టక్కుమంది, ఆ టక్కు ఎంత బాగుందో, ఇంట్లో వాళ్ళ మధ్య కూడా ఇలా టక్కుమని కుదిరితే బాగుండు అనిపించింది. మీట నొక్కింది. తెర చీకటి. పంకాలు లేచి ఆగాయి. మళ్ళీ లేచి ఆగాయి. మూడోసారి కూడా. ఆ మూడు చీకట్లలో అది తనలో తను నాలుగింటినీ కూర్చోబెట్టి సర్దిచెప్పుకుంటోందని ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు మాత్రం వేళ్ళు పెనవేసుకుని నిలబడింది. నాలుగోసారి తెర వెలిగింది. వెలగగానే చప్పట్లు కొట్టింది, ఒక్కతే, గదిలో. వెలిగింది కదా, ఇంకేం! ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇరవై ఏడు. సున్నా. ఆ ఇంట్లో అన్నీ అలాగే వెలుగుతాయి. ఆరు కుర్చీలుంటే ఆరూ ఆరు రకాలు. కుక్కరు ఒకటి, దాని మూత ఇంకో కుక్కరుది, పైన ఒక గుడ్డ చుట్టి మూస్తే ఈల వేస్తుంది. నాన్న బతికున్నప్పుడు మొదలైన విద్య. నాన్న కట్టుడు పళ్ళు చేసేవాడు. కింద గదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర. పళ్ళ అచ్చులు పోసే జిప్సం సంచి అడుగున మిగిలిన పిండి పారేసేవాడు కాదు, కొత్త సంచి విప్పగానే అందులో కలిపేవాడు. పాతది కొత్తదానికి బుద్ధి చెబుతుందే, అనేవాడు. ఎన్నోసార్లు ఏమీ కాలేదు. పాతపిండి చెమ్మ పీల్చి నిదానంగా గట్టిపడుతుంది, కొత్తది గబుక్కున పడుతుంది, రెండూ కలిసిన అచ్చు పైకి బాగానే ఉంటుంది, లోపల ఎక్కడో వెంట్రుకవాసి వంగుతుంది. ఒక పెద్దాయన ఉండేవాడు, రోజూ వాళ్ళ కిటికీ ముందునుంచే నడిచిపోయేవాడు, నాన్న చేసిన పళ్ళు పెట్టుకుని, నాన్నకి ఒక పెద్ద నవ్వు పారేసి. అదుగో చూడండ్రా నా పనితనం, అని నాన్న ఛాతీ విరుచుకునేవాడు. ఏడాది నడిచింది. ఒకరోజు ఆమెని, అప్పుడు పదేళ్ళది, వీధి చివర కొట్టుకి పంపితే అక్కడ ఆ పెద్దాయన అరటిపండు తింటున్నాడు, బోసినోటితో, చిగుళ్ళతో నలుపుకుంటూ. పళ్ళు చొక్కా జేబులో ఉన్నాయి, చేతిరుమాల్లో. ఆమెని చూసి కంగారుపడి, మీ నాన్నకి చెప్పకమ్మా, ఎడమపక్క కొంచెం కొరుకుతుంది అంతే, ఆయన మనసు కష్టపెట్టుకుంటాడు, అన్నాడు. తిరిగొచ్చి తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. ఆయన మొదటిరోజే వచ్చి కేకలేసి ఉంటే నాన్న తిట్టుకుంటూ ఇంకొకటి చేసిచ్చేవాడు. ఆగిపోయే తప్పు మంచిది. కేకవేసే తప్పు మంచిది. జేబులో పెట్టుకుని నవ్వుతూ కిటికీ ముందు నడిచే తప్పు ఉందే, దాంతోనే వచ్చింది చిక్కంతా.

నలభై. నిన్న మధ్యాహ్నం కంప్యూటరు నీలంగా మారి చచ్చి ఉంటే ఎంత బాగుండేది. చావలేదు. మూడు గంటలు ఏకధాటిగా నడిచి, అయిందమ్మా తీసుకో, అని ఇచ్చింది. కానీ సరిచూసింది కదా, ఆమె ఊరికే పంపే మనిషి కాదు కదా, అచ్చుతో పాటు దవడ బొమ్మ కూడా ప్లాస్టిక్‌లో తీసింది, బొమ్మ మీద అచ్చు పెట్టి చూసింది, చేతికి తొడుగులా కూర్చుంది, వెలుగుకి ఎత్తి పట్టి చూస్తే సందు లేదు. ఊపిరి కొంచెం తేలికైంది. సరిపోయింది కదా. బొమ్మకి అచ్చు సరిపోయింది కదా. ఆ బొమ్మ మాత్రం ఎక్కడినుంచి వచ్చింది? అదీ ఇందులోంచే. అదే మధ్యాహ్నం, అదే లెక్క, అవే నాలుగు ముక్కలు. ఎముక అంకె ఒకటి పక్కకి ఒరిగితే బొమ్మా ఒరుగుతుంది, అచ్చూ ఒరుగుతుంది, ఒకదానికొకటి అందంగా సరిపోతాయి. సరిపోనిది ఒక్క కండక్టరమ్మకే. ఇన్నేళ్ళ పనిలో ఈ మాట ఎప్పుడూ తట్టలేదు. తట్టాల్సిన అవసరం రాలేదు, యంత్రం అబద్ధమాడదని నమ్మినంతకాలం.

తలుపు చప్పుడైంది. గేరు. చేతిలో టీ గ్లాసు, ఒక్కటే, తనకే. మాట్లాడటానికి రాలేదు, చార్జరు వెతుక్కోవడానికి వచ్చాడు. గాలితో ఏదో అనబోయి తెర చూసి ఆగిపోయాడు. ఊడదీసిన రేకు చూశాడు. వంగి లోపలికి చూశాడు. నాలుగు.

‘ఎప్పుడు కలిపావు?’

‘నిన్న మధ్యాహ్నం.’

‘వేగం దించావా?’

ఆమె తెర మూలనున్న సున్నా వైపు చూసింది.

‘అక్కా, నిన్నే అడుగుతున్నా.’

‘దించలేదు.’

‘చెప్పానా లేదా నీకు? చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?’

‘ఆరు నెలలు కూర్చుని పెట్టావురా ఆ అంకెలు. నువ్వు లేనప్పుడు నా చేత్తో ఎలా చెరపను? అసలే మాటల్లేవు మనిద్దరికీ.’

వాడు ఆమె మొహం వైపు చూశాడు. ‘చెరిపితే మళ్ళీ పెట్టుకునేవాణ్ణి. అట్ట మీద రాసే ఉన్నాయిగా,’ అన్నాడు మెల్లిగా. తర్వాత, ‘కండక్టరమ్మది ఇందులోనే చేశావా?’

‘ఇందులోనే. పదకొండింటికి కోస్తారు. పది ఇరవైకి ఈ పరీక్ష అయిపోతుంది. సున్నా వస్తే పర్లేదు కదరా?’

వాడు టీ గ్లాసు ఆమె ముందు పెట్టాడు. కూర్చోలేదు. ‘సున్నా అంటే తప్పు లేదని కాదక్కా. ఈ గంటలో దొరకలేదని. నేను రోజంతా ఎందుకు పెట్టేవాణ్ణి మరి?’

యాభై ఎనిమిది. ఈ మాట అన్నాక వాడు కిటికీ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు. పోతే బాగుండు, పోకపోతే బాగుండు. గంటలో దొరకలేదని. మరైతే ఈ గంట ఎందుకు కూర్చుంది? తెలుసుకోవడానికి కూర్చుందా, లేక యంత్రం తన తరఫున నిర్ణయం చెబుతుందని, ఎర్ర గీత వస్తే దాని మీద, రాకపోతే దాని మీద నెట్టేసి తను తప్పుకోవచ్చనా? ఆ ఆలోచన రాగానే ఒంటి మీద బట్ట జారినట్టు సిగ్గేసింది. కండక్టరమ్మ వచ్చిన రోజు గుర్తొచ్చింది. ఎవరూ రారు ఈ గదికి, ఫొటోలే వస్తాయి, ఆవిడ మాత్రం చిరునామా పట్టుకుని వచ్చేసింది, డ్యూటీ చొక్కాతోనే, ఒక బుగ్గ నిమ్మకాయంత ఉబ్బి. నన్ను ముక్కలు చేసేది ఎవరో చూద్దామని, అని మెట్ల మీదనుంచే నవ్వింది. తెర మీద తన ఎముక తిరుగుతుంటే చేతులు కట్టుకుని చూసి, బాగుందే, లోపల నేను సన్నంగానే ఉన్నానన్నమాట, అంది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, చూడు అమ్మాయీ, అందం గిందం నాకక్కర్లేదు, నోరు మాత్రం ఉంచు. నాకున్నదంతా అదే. ముందుకి జరగండి అంటే జరగాలి జనం, అంది. ఆమె తలూపింది. తలూపడం అంటే మాటిచ్చినట్టే.

డెబ్భై మూడు. సున్నా, సున్నా, చూసి చూసి అది అంకెలా లేదు, ఎవరో నోరు తెరిచినట్టుంది. కిటికీలోంచి చల్లటి గాలి వచ్చి కాగితాలు కదిలించింది. కాగితాలు కదలడం. నిన్న కదల్లేదు. నిన్న ఎదురింటివాళ్ళు గోడ పగలగొడుతుంటే దుమ్మని కిటికీ మూసేసింది, మధ్యాహ్నం ఆ మూడు గంటలసేపూ కొలిమిలా ఉంది గది, చెమట కళ్ళలో పడుతుంటే ముంజేత్తో తుడుచుకుంటూ కూర్చుంది. మనిషికే అలా ఉంటే. ఆమె కుర్చీ దిగి నేల మీద మోకాళ్ళు ఆనించి లోపలికి చెయ్యి పెట్టింది. పాత జత గోరువెచ్చగా, కొత్త జత ఇంచుమించు చల్లగా. పొద్దుటి గాలిలో, తీరిగ్గా, ఒంటరిగా ఒక్క పరీక్ష రాస్తుంటే అందరూ బుద్ధిమంతులే. నిన్నటి వేడి వేరు, నిన్నటి బరువు వేరు. నిన్నటి మధ్యాహ్నాన్ని ఇప్పుడు ఏ పరీక్షా వెనక్కి తీసుకురాలేదు. పళ్ళు జేబులో పెట్టుకున్న పెద్దాయన ఏడాది నడిచాడు, నడుస్తుంటే చూసి సరే అనుకున్నారు. తొంభై. తొంభై నాలుగు. ఎర్ర గీతా రా, వచ్చెయ్, అని ఆమె మనసులో బతిమాలింది. నువ్వొస్తే చెప్పడం సుఖం. తొంభై తొమ్మిది. పంకాల శ్రుతి ఒక్కసారి తగ్గింది.

పచ్చటి అక్షరాలు వచ్చాయి. పరీక్ష పూర్తయింది, తప్పులు సున్నా.

గేరు కిటికీ దగ్గరినుంచి తిరిగి చూశాడు. పదీ ఇరవై రెండు. ఆమె నేల మీదే కూర్చుని ఉంది, మోకాళ్ళకి దుమ్ము. ఊరుకోవచ్చు. పచ్చగా రాసి ఉంది, రేపెవరైనా అడిగితే చూపించవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. ఎవరూ తప్పు పట్టని చోట కూర్చోవడం ఇంత ఇరుకుగా ఉంటుందా! ఆమె ఫోను అందుకుంది.

సర్జనుగారు ఐదో మోతకి ఎత్తాడు. ‘చెప్పమ్మా, చేతులు కడుక్కోబోతున్నా.’

‘ఆ అచ్చు వాడకండి సార్.’

‘ఏమైంది?’

‘నిన్న కంప్యూటరులో పొందిక లేని మెమరీ కలిపాను. కలిపింది నేనే. పొద్దున ఒకసారి పడిపోయింది. లెక్కలో తేడా వచ్చి ఉండొచ్చు.’

‘ఉండొచ్చా? పరీక్ష పెట్టావా?’

‘పెట్టాను.’

‘తప్పు చూపించిందా?’

గేరు ఆమె వైపే చూస్తున్నాడు. ‘లేదు సార్. ఏమీ చూపించలేదు.’

‘మరి?’

‘నాకు నమ్మకం లేదండీ.’

అవతల నీళ్ళ ధార ఆగిన చప్పుడు. ఎవరో ఏదో అడిగారు, ఆయన ఆగమన్నాడు. ‘చూడమ్మా, ఈ రోజు థియేటరు పోతే మళ్ళీ తొమ్మిది రోజులకి. నీకు నమ్మకం లేదని ఆవిడకి నేను చెప్పను. ఇక్కడే ఉంది, స్ట్రెచర్ మీద. నువ్వే చెప్పుకో.’

ఫోను చేతులు మారింది. ఊపిరి వినిపించింది, కొంచెం ఈలతో, వాచిన బుగ్గ పక్కనుంచి.

‘ఏమ్మా దవడలమ్మా, నన్ను మధ్యదారిలో దింపేస్తున్నావంట?’

‘అవునండీ.’

‘నీ దవడ పగల! ఈ మాట నిన్న చెప్పొచ్చుగా! నిన్నట్నించీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వలేదు వీళ్ళు. నర్సమ్మని తిట్టీ తిట్టీ ఉన్న నోరు కూడా ఎండిపోయింది.’

‘తప్పు నాదేనండీ.’

‘ఏం తప్పు?’

చెప్పాలంటే ఎన్ని ఉన్నాయి. పాత జత, కొత్త జత, వేగం, తమ్ముడు, నాన్న, జిప్సం సంచి. ‘అచ్చులో తప్పు ఉందో లేదో నాకు తెలీదండీ. ఉందని తెలిస్తే చెప్పేదాన్ని, లేదని తెలిస్తే ఊరుకునేదాన్ని. తెలీదు. అందుకే ఆపమంటున్నాను.’

ఆమె కళ్ళు మూసుకుంది. కోసేది తననే అయినట్టు పళ్ళు బిగించింది.

‘మా డ్రైవరొకడు ఉండేవాడు,’ అంది కండక్టరమ్మ. ‘బ్రేకు మెత్తగా తగుల్తోందిరా అంటే, పొద్దుట్నించీ పడుతూనే ఉందిగా అక్కా అనేవాడు. వాడి బండి నేనెక్కేదాన్ని కాదు. మెమో ఇచ్చుకోండి, ఎక్కను అనేదాన్ని.’ గొంతు కాస్త సన్నబడింది. ‘తొమ్మిది రోజులు అంటే భయంగా ఉందే అమ్మాయీ. ఇది రోజుకింత పెరుగుతున్నట్టుంటుంది నాకు. కానీ తెలీదన్నదాని మీద పడుకోలేను.’ అని ఫోను పక్కకి పెట్టి అవతలివాళ్ళని కేకేసింది, ‘ఎవరక్కడ, ఈ సూది తీసి ఒక కాఫీ ఇప్పించండి, చక్కెర రెండు చెంచాలు!’

ఇంకేముంది. గేరు నేల మీద కూర్చుని పాత జత రెండు ముక్కలూ తీశాడు, ఓవర్‌క్లాక్ అంకెలన్నీ చెరిపి మామూలు వేగం పెట్టాడు. కొత్త జతే ఉంది, అది చాలింది, నిదానంగా. మూడు గంటల పని మర్నాటి ఉదయానికి అయింది. తొమ్మిది రోజుల తర్వాత కోత పడింది, కొత్త అచ్చు పెట్టి. నరం దక్కింది. కండక్టరమ్మ ఇప్పుడు తలుపు దగ్గర నిలబడి జరగండి జరగండి అంటే బస్సు మొత్తం జరుగుతుంది. ఆ తొమ్మిది రోజుల్లో గడ్డ పెరిగి రెండు పళ్ళు ఎక్కువ తీయాల్సి వచ్చింది. ఆసుపత్రినుంచి రెండు నెలలపాటు దవడలమ్మకి ఫొటోలు రాలేదు. అదీ ఇదీ రెండూ నిజమే.

ఒక్క ముక్క మిగిలింది. కొత్త లెక్క పూర్తయిన ఉదయం గేరు చేతులు నలుపుకుంటూ వచ్చాడు. ‘అక్కా, పాత ఫైలు మీద కొత్తది పరిచి చూద్దామా? తేడా ఉంటే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.’ దవడలమ్మ అన్నది, ‘లేదురా. నిన్ననే చెరిపేశాను. పాత అచ్చూ బొమ్మా కూడా పగలగొట్టించాను.’ వాడు నెత్తి కొట్టుకున్నాడు, అంత పిచ్చిపని ఎవరైనా చేస్తారా అన్నాడు. ‘చూశాక తేడా లేదని తేలిందనుకో, ఈసారి ఫోను తియ్యడానికి నా చెయ్యి లేవదు,’ అంది ఆమె.

అందుకని ఆ అచ్చు తప్పో ఒప్పో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఇది గుర్తుపెట్టుకో. నువ్వు ఇంకొకరికి చెప్పేటప్పుడు, విన్నవాళ్ళు తప్పకుండా అడుగుతారు, ఇంతకీ తేడా ఉందా లేదా అని. వాళ్ళ ముచ్చట తీర్చడానికి ఉందని కల్పించకు, నవ్వించడానికి లేదని కల్పించకు. తెలియదని చెప్పు. తెలియకుండానే ఆ ఫోను చేసిందని చెప్పు. అక్కడ ఆగు.